కౌమారములో బ్రహ్మచర్య బోధ – దాని హద్దులు

వైద్యునికి వచ్చే ఉత్తరములలో కొన్నింటికి సంతకము ఉండదు. “ఒక సోదరుడు” అనో, “మీ కుమారుని వంటివాడు” అనో, మరీ బాధలో ఉన్నవారైతే “ఒక అభాగిని” అనో ముగిస్తారు. పూర్వము ఇవి ఇన్‌లాండు కవర్లలో వచ్చేవి; ఇప్పుడు ఫోనులో సందేశములుగా వస్తున్నాయి. ప్రశ్నలు మాత్రము మారలేదు. స్వప్నస్ఖలనము వలన ఒంట్లో సత్తువ పోతుందా? హస్తప్రయోగము అలవాటున్నవారికి పెళ్ళయ్యాక పిల్లలు పుట్టరా? నెల తప్పి పన్నెండు రోజులైనది, అమ్మకు తెలియకుండా ఇంట్లో చేసుకొనే చిట్కా ఏదైనా ఉన్నదా?

చాలా సంవత్సరములు నేను వీటన్నింటికీ ఒకే సమాధానము వ్రాశాను. “బ్రహ్మచర్యము పాటించండి. సాత్త్వికాహారము తీసుకోండి. మనస్సును సద్గ్రంథములవైపు మళ్ళించండి.” ఆ సలహాలో తప్పు లేదు. కాని నెల తప్పిన పిల్లకు అది ఏ విధముగా అక్కరకు వస్తుందో నేను ఆలోచించలేదు. ఆ అమ్మాయి మరల వ్రాయలేదు. ఏమైనదో నాకు తెలియదు. ఈ వ్యాసమునకు ఆ ఉత్తరమే కారణము.

“వివాహము వరకు సంయమముతో ఉండు, అంతకు మించి నీకు తెలియవలసినది లేదు” అనునది మన ఇండ్లలో తరతరములుగా ఉన్న బోధ. దీనిలో రెండు భాగములు ఉన్నవి. మొదటిది హితవు. రెండవది జ్ఞానమును నిరాకరించుట. మొదటి దానితో నాకు తగవు లేదు. పదిహేనేళ్ళ పిల్లవానికి, పిల్లకు సంయమమును మించిన రక్షణ లేదని వైద్యునిగా నేటికీ నమ్ముతాను. రెండవ భాగము గురించే ఈ పాఠము.

శాస్త్రములో ఉన్నది వేరు

ఆయుర్వేదము పేరు చెప్పి ఈ మౌనమును సమర్థించేవారు శాస్త్రమును ఒకసారి తెరచి చూడవలెను. చరకాచార్యులు సూత్రస్థానములో ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడింటిని శరీరమునకు ఉపస్తంభములని చెప్పారు. ఈ మాట అందరికీ తెలుసు. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయములో ఇదే భావమును చెప్పుచూ మూడవ స్తంభమును “అబ్రహ్మచర్యము” అని పేర్కొన్నారన్నది చాలమందికి తెలియదు. యుక్తితో, మితముగా నడుపుకొన్న దాంపత్య జీవనము ఇంటికి స్తంభము వలె దేహమును నిలుపుతుందని ఆయన అభిప్రాయము. ఆ అధ్యాయములోనే ఏ ఋతువులో ఎంత మితము పాటించవలెనో వివరించారు. హేమంత శిశిరములలో ఒక విధము, వసంత శరత్తులలో మూడు దినములకొకసారి, గ్రీష్మ వర్షములలో పక్షమునకొకసారి.

చరకములో అణచరాని సహజ వేగములు పదమూడు చెప్పబడ్డాయి. మలమూత్రములు, తుమ్ము, ఆకలి, దప్పికల సరసన శుక్రవేగము కూడ ఉన్నది. దీనిని విచ్చలవిడితనమునకు అనుమతిగా చదువరాదు. అదే అధ్యాయములో లోభము, క్రోధము, అసూయ, అతిరాగము వంటివాటిని తప్పక అదుపులో ఉంచవలెననియూ ఉన్నది. ఏది అణచరాదో, ఏది అణచవలెనో విడదీసి చూపుటయే ఆచార్యుల పద్ధతి.

అంతేకాక బ్రహ్మచర్యమును కొనియాడిన ఆ గ్రంథములలోనే శారీరస్థానము ఉన్నది. ఋతుచక్రము, గర్భోత్పత్తి, గర్భము నెలనెలా పెరుగు తీరు, ప్రసవము, అన్నియూ సిగ్గు పడకుండ, చులకన చేయకుండ వ్రాయబడ్డాయి. గురుకులములో శిష్యుడు స్వయముగా బ్రహ్మచారిగా ఉంటూనే ఇదంతయు చదివేవాడు. తెలిసికొనుట వలన సంయమము చెడుతుందని ఆ గురువులు భయపడలేదు. మనము భయపడుతున్నాము.

భయముతో చెప్పిన పాఠము

జ్ఞానము లేని చోట సంయమమును నిలబెట్టడానికి భయము కావలసి వస్తుంది. రసము మొదలు శుక్రము వరకు సప్తధాతువుల క్రమము శాస్త్రములో ఉన్నది. ఆ క్రమమును సాకుగా చేసికొని “ఒక్క బొట్టు శుక్రమునకు నలభై బొట్ల రక్తము” అను లెక్క జనములో పాతుకొని పోయినది. కొందరు అరవై అంటారు, మరికొందరు నూరు అంటారు. ఈ లెక్కకు దేహములో ఆధారము లేదు. ఒకసారి వెలువడే వీర్యము సాధారణముగా రెండు నుండి ఐదు మిల్లీలీటర్లు. అందులో అధిక భాగము శుక్రాశయముల స్రావము, పౌరుష గ్రంథి స్రావము. శుక్రకణముల పాలు చాల స్వల్పము. వృషణములు వీటిని నిరంతరము తయారుచేస్తూనే ఉంటాయి. బయటకు పోయినందువలన రక్తము తగ్గదు, వెన్నెముక వంగదు, కళ్ళు గుంటలు పడవు. పదమూడు, పద్నాలుగేళ్ళ వయస్సులో నిద్రలో స్ఖలనమగుట, ఆడపిల్ల రజస్వల అగుట వంటిదే. అది ఎదుగుదలకు గుర్తు గాని రోగము కాదు.

ఈ మాట ఏ తండ్రీ కొడుకుకు చెప్పడు. చెప్పకపోగా, “చెడు అలవాటు పట్టినవాడు బాగుపడడు” అని గాలిలోకి ఒక మాట విసురుతాడు. ఆ పిల్లవాడు తెల్లవారి లుంగీ చూచుకొని హడలిపోతాడు. నీరసము, గుండెదడ, చదువు మీద మనస్సు నిలువకపోవుట మొదలవుతాయి. ధాతునష్టమను ఈ భయమునకు మన దేశపు మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో “ధాత్ సిండ్రోమ్” అని పేరు పెట్టారు. ఇక్కడ బాధ నిజమైనది, కారణము కల్పితము. ఆ కల్పన మీద బ్రతికేవారు ప్రతి ఊరి బస్టాండు గోడ మీద ఉన్నారు. నెలకొకసారి లాడ్జిలో దిగి, అద్దె గదిలో నాడి చూచి, బంగారు భస్మమని చెప్పి వేలకు వేలు గుంజుకొనేవారిని పాఠకులు ఎరుగుదురు. మా వంటి ఆరోగ్య పత్రికలు ఒక పుటలో బ్రహ్మచర్యమును బోధించి, వెనుక అట్టమీద అటువంటి ప్రకటనలనే అచ్చువేసిన రోజులున్నవి. ఆ దోషములో మాకూ వాటా ఉన్నది.

హస్తప్రయోగము గురించి కూడ సూటిగా చెప్పవలెను. దానివలన వంధ్యత్వము రాదు, నపుంసకత్వము రాదు. చదువు, నిద్ర, ఆట, స్నేహము చెడేంతగా అది అలవాటైనచో దినచర్యను సరిదిద్దవలెను. రాత్రి తొందరగా భోజనము, పడుకొనే గదిలో ఫోను లేకుండుట, సాయంకాలము చెమట పట్టేంత ఆట సామాన్యముగా చాలును. దానికి భస్మములు, లేహ్యములు అనవసరము.

అమెరికాలో జరిగిన పరీక్ష

నిషేధము ఒక్కటే పాఠముగా పెడితే ఏమవుతుందో పెద్ద ఎత్తున పరీక్షించి చూచిన దేశము అమెరికా. అక్కడ 1996లో చేసిన సంక్షేమ చట్టములో, వివాహము వరకు సంయమమును మాత్రమే బోధించే కార్యక్రమములకు కేంద్ర ప్రభుత్వము ఏటా 5 కోట్ల డాలర్లు కేటాయించినది. వివాహము వెలుపలి లైంగిక సంబంధము మనస్సుకు, దేహమునకు హాని చేయగలదని నేర్పవలెనన్న షరతు ఆ చట్టములోనే ఉన్నది. గర్భనిరోధక సాధనములను ప్రోత్సహించు బోధకు ఈ ధనము వాడరాదు.

ఈ బోధ ఫలితమును పరిశీలించమని అక్కడి పార్లమెంటు ఆదేశించగా 2007లో నివేదిక వచ్చినది. వర్జీనియా, ఫ్లోరిడా, విస్కాన్సిన్, మిసిసిపీ రాష్ట్రములలోని నాలుగు కార్యక్రమములను ఎన్నుకొన్నారు. రెండు వేలకు పైగా పిల్లలను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విడదీసి, ఒక వర్గమునకు ఆ బోధ ఇచ్చి, రెండవ వర్గమునకు ఇవ్వక, కొన్నేళ్ళ తరువాత విచారించారు. రెండు వర్గములలోనూ దాదాపు సగము మంది సంయమముతో ఉన్నారు. తక్కిన సగములో తొలి అనుభవపు సగటు వయస్సు రెండు వర్గములకూ ఒక్కటే, 14.9 సంవత్సరములు. అనగా ఆ బోధ పిల్లలను చెడగొట్టలేదు, ఆపనూ లేదు.

పెళ్ళి వరకు ఆగుతామని ప్రతిజ్ఞ చేసిన యువతీయువకుల మీద మరొక పరిశీలన 2009లో వెలువడినది. ప్రతిజ్ఞ చేసినవారిని, అదే స్వభావము ఉండీ చేయనివారిని ఐదేళ్ళ తరువాత పోల్చగా, ప్రతిజ్ఞ చేసినవారిలో 82 శాతము మంది అసలు ప్రతిజ్ఞయే చేయలేదన్నారు. సంబంధముల విషయములో ఇరువర్గములకూ భేదము కనిపించలేదు. భేదము కనిపించినది ఒక్క చోటనే. ప్రతిజ్ఞ చేసినవారు నిరోధ్ వంటి రక్షణను తక్కువగా వాడారు. మాట తప్పిన నాడు ఏమి చేయవలెనో వారికి ఎవరూ చెప్పి ఉండలేదు.

ఇది చదివి సంయమ బోధయే వ్యర్థమనుట తొందరపాటు. 2010లో ఈశాన్య అమెరికా నగర పాఠశాలలలో సుమారు పన్నెండేళ్ళ వయస్సు పిల్లలు 662 మందితో చేసిన పరిశీలనలో, సంయమమును బోధించిన తరగతి నిజముగానే ఫలించినది. రెండేళ్ళ తరువాత ఆ తరగతి వారిలో మూడింట ఒక వంతు మందికి లైంగిక అనుభవము కలుగగా, సాధారణ ఆరోగ్య పాఠములు విన్నవారిలో దాదాపు సగము మందికి కలిగినది. అయితే ఆ పాఠము “పెళ్ళి వరకు” అనలేదు. “నీవు సిద్ధపడే వరకు” అన్నది. నిరోధ్‌ను కించపరచలేదు. పాపమని భయపెట్టలేదు. ఎందుకు ఆగవలెనో పిల్లల చేతనే ఆలోచింపజేసినది. నాకు ఆ తరగతి మన గురుకుల పద్ధతికి దగ్గరగా కనిపిస్తున్నది.

పెళ్ళి వరకు అంటే ఎప్పటి వరకు?

మన దేశములో 2005లో కేంద్ర విద్యాశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి పాఠశాలలలో కౌమార విద్యా కార్యక్రమమును ప్రారంభించాయి. 2007 నాటికి మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ సహా పలు రాష్ట్రములు దానిని నిలిపివేశాయి. బొమ్మలు అసభ్యముగా ఉన్నవని అభ్యంతరము. మన తెలుగువారైన శ్రీ ఎం. వెంకయ్య నాయుడు అధ్యక్షతన రాజ్యసభ వినతుల సంఘము 2009లో ఇచ్చిన నివేదిక కూడ ఆ విద్యను వ్యతిరేకించి, వివాహమునకు వెలుపల లైంగిక సంబంధము తగదన్న సందేశమునే పిల్లలకు ఇవ్వవలెనన్నది. బాల్యవివాహము చట్టవిరుద్ధమని, బాలిక ఆరోగ్యమునకు హానికరమని నేర్పవలెననీ ఆ నివేదికలో ఉన్నది. ఆ మాట ఎక్కువ మంది చెవిని పడలేదు.

పడవలసినది అదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 20 నుండి 24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతము, తెలంగాణలో 23.5 శాతము. సర్వే నాటికి 15–19 ఏళ్ళ బాలికలలో తల్లులైనవారు, గర్భిణులు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతము ఉన్నారు. దేశపు సగటు 6.8 మాత్రమే. “పెళ్ళి వరకు ఆగు” అన్న ఒక్క మాట విన్న పిల్ల ఆ మాటను అక్షరాలా పాటించినది. పదిహేడవ ఏట పెళ్ళిపీటల మీద కూర్చున్నది. ఆ రాత్రి నుండి ఆమెకు గర్భము ఎట్లు కలుగుతుందో, ఎట్లు ఆపవచ్చునో, “ఇప్పుడు వద్దు” అని భర్తతో ఎట్లు చెప్పవలెనో తెలియదు. పదహారేళ్ళు నిండని స్త్రీకి, ఇరువది ఐదు నిండని పురుషునికి కలిగిన గర్భము కడుపులోనే నశించవచ్చునని, పుట్టినా శిశువు బలహీనుడగునని సుశ్రుతాచార్యులు ఏనాడో హెచ్చరించారు. నేటి చట్టము ఆడపిల్లకు పద్దెనిమిది, మగపిల్లవానికి ఇరువది ఒకటి అంటున్నది. 2017లో సుప్రీంకోర్టు, పద్దెనిమిది నిండని భార్యతో సంబంధమును కూడ అత్యాచారముగానే పరిగణించవలెనని తీర్పు చెప్పినది.

పెళ్ళి రోగములకు అడ్డుగోడ కాదన్న సంగతి కూడ మనకు కష్టకాలములోనే తెలిసినది. 2005–06 సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళవారిలో 0.97 శాతము మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలినది, దేశమంతటికీ అది 0.28. భర్తను తప్ప పరపురుషుని ఎరుగని ఇల్లాండ్రు ఎందరో గర్భిణిగా పరీక్షకు వెళ్ళిన నాడే తమకు ఆ రోగమున్నదని తెలిసికొన్నారు. వారందరూ బ్రహ్మచర్య పాఠమును నూటికి నూరుపాళ్ళు ఆచరించినవారే. ఆ దశకపు తొలి సంవత్సరములలో కూడళ్ళలో “పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?” అన్న పెద్ద బోర్డులు వెలసినప్పుడు చాలమంది చీదరించుకొన్నారు, నేనూ చీదరించుకొన్నాను. కాని ఆ బోర్డు పుణ్యమా అని, జీవితములో మొదటిసారి భోజనాల దగ్గర ఈ విషయము ఎత్తిన ఇండ్లు నాకు తెలుసు.

2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, లైంగిక విద్య పాశ్చాత్య భావన అనీ, పిల్లలను చెడగొడుతుందనీ ఉన్న అపోహను ప్రస్తావించి, సమగ్రమైన లైంగిక విద్య అవసరమని చెప్పినది.

ఇంటిలో చెప్పవలసినది

బడి చెప్పినా చెప్పకపోయినా ఇల్లు చెప్పవలెను. మన సంప్రదాయములో ఇది పూర్తిగా మూగపోయిన విషయము కాదు. ఉమ్మడి కుటుంబములో ఆడపిల్లకు అమ్మమ్మ, పెళ్ళయిన అక్క, వదిన ఎంతో కొంత చెప్పేవారు. మగపిల్లవానికి ఆ పాటి కూడ ఉండేది కాదు. వాడికి చెరువుగట్టు స్నేహితులే గురువులు. ఇప్పుడు ఇంట్లో నలుగురమే. వదిన లేదు, అమ్మమ్మ ఊళ్ళో ఉన్నది, ఫోను మాత్రము పిల్లవాని చేతిలో ఉన్నది. ఆ ఫోను చూపించేది శారీరస్థానము కాదు.

మన ఇండ్లలో ఒక విడ్డూరము ఉన్నది. పిల్ల పెద్దమనిషి అయినదని బంధువులనందరినీ పిలుస్తాము, పట్టుచీర కట్టబెడతాము, ఫోటోలు తీయిస్తాము, బంతిభోజనాలు పెడతాము. ఆ పిల్లకు ఏమి జరిగినదో మాత్రము ఎవరమూ చెప్పము. చెప్పవలసినది ఆ రోజు కాదు, అంతకు ఏడాది ముందే, తొమ్మిది పదేళ్ళ వయస్సులో. గర్భాశయము ప్రతి నెల ఒక పొరను సిద్ధము చేసికొంటుంది, గర్భము లేకపోతే అది రక్తముతో కలిసి వెలుపలికి వస్తుంది, మొదటి ఏడాది రెండేళ్ళు నెలలు క్రమము తప్పవచ్చును – ఈ మూడు వాక్యములు తల్లి చెప్పగలదు. నొప్పి ఉంటే పొత్తికడుపునకు వేడినీటి సంచితో కాపడము, శొంఠి కాచిన గోరువెచ్చని నీరు. వాడిన గుడ్డను చీకటి మూలలో దాచక, సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయుట. నెలకు బడి మానేంత నొప్పి, గంటకొక ప్యాడు తడిసేంత స్రావము ఉన్నచో చిట్కాలు చాలించి వైద్యురాలికి చూపవలెను.

అంతకన్న చిన్నతనములోనే, నాలుగైదేళ్ళకే, అవయవముల సరియైన పేర్లు చెప్పవలెను. పేరు లేని చోటును ఎవరైనా ముట్టుకొంటే పిల్ల వచ్చి చెప్పలేదు. ముట్టుకొన్నవారు బంధువే కావచ్చునని కూడ చెప్పవలెను. ఇది మనకు నోరు రాని మాట, అయినా చెప్పక తప్పదు. అటువంటి సంకటములో పిల్లలే స్వయముగా పిలువగలిగిన ఉచిత ఫోను సంఖ్య 1098.

పద్నాలుగు, పదిహేనేళ్ళు వచ్చిన వారికి, ఆడపిల్లకూ మగపిల్లవానికీ ఒకే పాఠము. ఒక్కసారి కలిసినా గర్భము రావచ్చును. నిరోధ్ సక్రమముగా వాడితే గర్భమును, పలు సుఖవ్యాధులను, హెచ్.ఐ.వి.ని చాలవరకు అరికడుతుంది. అత్యవసర గర్భనిరోధక మాత్ర 72 గంటల లోపు, ఎంత తొందరగా వేసికొంటే అంత పనిచేస్తుంది; వచ్చిన గర్భమును అది తీయదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పద్దెనిమిది నిండనివారి అంగీకారము చెల్లదు. పదిహేడేళ్ళ ఇద్దరు ఇష్టపడి కలిసినా అది కేసు అవుతుంది, ఆ పిల్లవాని చదువు బాలల న్యాయమండలి చుట్టూ తిరుగుతుంది. ఆగమని చెప్పడానికి ఇంతకన్న గట్టి కారణము ఏ నీతిశతకములోనూ నాకు దొరకలేదు. “వద్దు” అన్న మాటను గౌరవించుట మగపిల్లవానికి ప్రత్యేకముగా చెప్పవలెను. ఆడపిల్లకు ఇంటికి ఆలస్యముగా రావద్దని చెప్పి సరిపెట్టుట కాదు.

ఇవన్నీ ఒక్క రోజు కూర్చోబెట్టి చెప్పే ఉపన్యాసములు కావు. పప్పు రుబ్బుతూ, బండి మీద వెళుతూ, పత్రికలో వార్త చదువుతూ ఒక్కొక్క మాటగా చెప్పేవి. మొదటిసారి గొంతు తడబడుతుంది. మా ఇంట్లో నా కుమారునితో మాట్లాడబోయి వాతావరణము గురించి పది నిమిషములు మాట్లాడి లేచి వచ్చాను. రెండవసారి కుదిరినది.

చివరగా, సంతకము లేని ఆ ఉత్తరమునకు నేను అప్పుడు వ్రాయవలసినది ఇప్పుడు వ్రాస్తున్నాను. అటువంటి స్థితిలో ఉన్న మరొక అమ్మాయి చదువవచ్చును.

“అమ్మా, ముందు భయము తగ్గించుకో. నెల తప్పుటకు గర్భము ఒక్కటే కారణము కాదు. మందుల దుకాణములో పరీక్ష కిట్టు దొరుకుతుంది, ఉదయపు మొదటి మూత్రముతో చూచుకో. నువ్వులు, బెల్లము, బొప్పాయి, పైనాపిల్ తిని ఎదురుచూడకు. వాటివలన గర్భము పోదు, దినములు పోతాయి. వేరులు, పుల్లలు, పసరులు ఎవరు ఇచ్చినా తీసికొనకు. వాటితో గర్భాశయము పాడై ప్రాణముల మీదకు వస్తుంది. దుకాణములో అడిగి మాత్రలు మింగకు. గర్భమని తేలితే ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యురాలిని కలువు. మన దేశములో చట్టబద్ధమైన గర్భస్రావమునకు అవకాశము ఉన్నది. ఎంత తొందరగా వెళితే అంత క్షేమము. నీకు పద్దెనిమిది నిండకపోతే సంరక్షకుల సంతకము కావలెను, వైద్యురాలు పోలీసులకు తెలియజేయవలెను. అయితే నీవు, నీ సంరక్షకులు కోరితే నీ పేరు ఆ నివేదికలో పెట్టనవసరము లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది. ఎవరైనా బలవంతము చేసి ఉంటే అందులో నీ తప్పు లేదు. ఒంటరిగా వెళ్ళకు. అమ్మకు చెప్పడానికి భయమైతే పిన్నికి చెప్పు, అక్కకు చెప్పు, బడిలో నీకు ఇష్టమైన టీచరుకు చెప్పు. ఈ వారములోనే చెప్పు.”